మా మేస్త్రీ పిల్లల జీతంలో కమీషన్ కోస్తున్నాడు. సేవకుడిలా ఉండాలనుకునే యజమాని ఏం చేయాలి?

చీమకుర్తి_రాయి
సెప్టెంబర్ 14, రాత్రి 10:20

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

చీమకుర్తిలో మాకు చిన్న గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ ఉంది. నాన్న పెట్టింది. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి నాలుగేళ్లు, అప్పట్నుంచి నేనే చూస్తున్నా. మొత్తం 26 మంది పనివాళ్లు. అందులో 14 మంది ఒడిశా పిల్లలు, పోయిన దసరా వెళ్లాక వచ్చారు. ఎక్కువగా గ్యాలక్సీ (నల్ల గ్రానైట్) బ్లాకులే కోస్తాం, బయటి నుంచి గ్రే, రెడ్ కూడా వస్తాయి. స్లాబులు పాలిష్ పట్టి చెన్నై పార్టీలకి వేస్తాం.

ఈ జూన్‌లో హైదరాబాద్‌లో క్రైస్తవ వ్యాపారస్తుల కూడికకి వెళ్లాను. మూడు రోజులూ అదే అంశం, సేవకుడిగా నాయకత్వం. మార్కు 10లో యాకోబు, యోహాను కుడివైపు ఎడమవైపు కుర్చీలు అడగడం, మీలో గొప్పవాడు కాగోరేవాడు పరిచారం చేయాలని ప్రభువు చెప్పడం. చిన్నప్పట్నుంచి విన్న వాక్యమే. కానీ ఆ రోజు వింటుంటే మా యూనిట్ కళ్లముందు కదిలింది. పదేళ్లుగా మా దగ్గరున్న కట్టర్ పిల్లల పేర్లు నాకు తెలియవని గుర్తొచ్చి ఏడ్చాను.

తిరిగొచ్చాక కొన్ని మార్చుకున్నా. షిఫ్టు ముందు అందరితో అయిదు నిమిషాలు ప్రార్థన. పదింటి టీ నేనే పోసి ఇస్తున్నా. శనివారం స్లర్రీ (రాయి కోసిన బురద) తొట్టి కడిగేటప్పుడు ప్యాంటు మడిచి నేనూ దిగుతున్నా.

పోయిన శనివారం ఆ తొట్టిలోనే ఒక పిల్లాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పార ఆపి వచ్చీరాని తెలుగులో అడిగాడు. "సేట్, ఆ ఏడు వందలు ఇంకా ఎన్ని నెలలు?" నాకేం అర్థం కాలేదు. వాడు నా మొహం చూసి భయపడ్డాడు. బుజ్జగించి అడిగితే చెప్పాడు. ఒడిశా పిల్లల జీతాలు నగదుగా మేస్త్రీ చేతికిస్తాను, ఆయన పంచుతాడు. ప్రతి నెలా తలకి 700 కోసుకుంటున్నాడట. 14 మంది దగ్గరా. నవంబర్ జీతం నుంచి ఆగస్టు జీతం దాకా.

మేస్త్రీ 18 ఏళ్లుగా మాతో ఉన్నాడు. నాన్న కుడిభుజం. మా సంఘంలో పెద్ద. నాకు తొలి బైబిలు కొనిచ్చింది ఆయనే. నవంబర్‌లో వాళ్లమ్మాయి పెళ్లి.

నాలుగు రోజుల్నుంచి నిద్ర లేదు. సేవకుడిగా ఉండటమంటే క్షమించి ఊరుకోవడమా? పంపించేస్తే నేను కూడికలో నేర్చుకున్నది ఏమైనట్టు? వదిలేస్తే ఆ పిల్లాడి మొహం ఎలా చూడను? దయచేసి చెప్పండి.


లెక్కలక్క_బెజవాడ
సెప్టెంబర్ 14, రాత్రి 11:05

తమ్ముడూ, వందనాలు. 25 ఏళ్లుగా చిన్న ఫ్యాక్టరీల ఖాతాలు రాస్తున్నదాన్ని. ముందు లెక్క పెడదాం, బాధ తర్వాత పడదాం.

14 మంది, 700, పది నెలలు. 98,000 రూపాయలు. ఇది నీది కాదు, మేస్త్రీది కాదు, ఆ పిల్లలది. కాబట్టి క్షమించాలా వద్దా అన్న ప్రశ్న నీ దగ్గరికి రాకముందే ఇంకో ప్రశ్న ఉంది. వాళ్ల డబ్బు వాళ్లకి ఎప్పుడు చేరుతుంది? నీకు బాకీ ఉంటే నువ్వు కొట్టేయొచ్చు. పక్కవాడి బాకీని నువ్వు కొట్టేసి పుణ్యం కట్టుకోలేవు.

కొన్ని సూటిగా అడుగుతున్నా, కోపం తెచ్చుకోకు. 26 మంది ఉన్నారంటే పీఎఫ్ తప్పనిసరి, 20 మంది ఉంటే చాలు. పది మంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లందరికీ. ఈ 14 మందికి నంబర్లు ఉన్నాయా? లేక రిజిస్టర్‌లో ఊరివాళ్ల 12 పేర్లే ఉన్నాయా? రెండోది, జీతం ఏ తారీఖున ఇస్తున్నావు? 1936 నాటి వేతనాల చట్టం నుంచీ చిన్న ఫ్యాక్టరీలకి గడువు ఏడో తారీఖే. మూడోది, నగదు ఎందుకు? మేస్త్రీ తీసుకున్నది తప్పే. కానీ మూట కట్టి ఆయన చేతిలో పెడుతున్నది నువ్వు.


రెండో_షిఫ్ట్
సెప్టెంబర్ 15, ఉదయం 6:40

నేను క్రైస్తవుణ్ణి కాదు. ఈ టాపిక్ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆరేళ్లు ఒక ప్యాకింగ్ యూనిట్‌లో చేశాను. యజమాని భక్తిపరుడు. సోమవారం సోమవారం ప్రార్థన, అందరం నిలబడాలి. చివర్లో ఆయన కళ్లు తుడుచుకునేవాడు. జీతం మాత్రం ఒక నెల 18న, ఒక నెల 22న. మా అమ్మకి షుగర్ మందులు నెల మొదట్లో కొనాలి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నా జీతంతో నెల మొదట్లో మందులు కొనలేదు, చేబదులే. ఓసారి అడిగితే "ప్రార్థన చేద్దాం, పార్టీ దగ్గర పేమెంట్ ఆగింది" అన్నాడు. అదే వారం గేటు ముందు కొత్త కారు ఆగి ఉంది.

మీరు మంచివాళ్లలాగే ఉన్నారు అన్నా. కానీ మీ ఉదయం ప్రార్థన గురించి ఒకటి అడుగుతాను. ఆ ఒడిశా పిల్లల్లో ఎవరైనా ‘నేను రాను’ అనగలరా? అన్నం పెట్టే చేయి పిలిస్తే రాకుండా ఎవరుంటారు? మా యూనిట్‌లో 40 మందిమి నిలబడేవాళ్లం. 40 మందిమీ గడియారం చూసేవాళ్లం.


నల్గొండ_టు_గచ్చిబౌలి
సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 1:15

అన్నా వందనాలు. నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీల మేనేజర్‌ని, 11 మంది టీం. నీ రాయి లోకం నాకు తెల్వదు గానీ, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యద్దని రాస్తున్న.

నేను గూడ ఇట్లనే ఒక కూడిక నుంచి వచ్చి మొదలువెట్టిన. టీంల ఎవరికి కష్టమైనా వాళ్ల పని నేనే చేసుడు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే నేనే లేచుడు. క్లయింట్ తిడితే నా మీదేసుకునుడు. అందరు దేవుడు అన్నరు. ఏడాదిన్నర అయినంక ఒక చెల్లె ప్రమోషన్ రాక ఏడ్సుకుంట అన్నది, "అన్నా, మీరు మంచోళ్లే. కానీ కష్టమైన పని మా చేతికి రానిస్తలేరు. ఇంటర్వ్యూల అడిగితే చెప్పనీకి మా దగ్గర ఏం లేదు." గుండెల గుచ్చినట్టయింది. నేను సేవ అనుకున్నది ఆమె ఎదుగుదలకు అడ్డం పడ్డది.

ఈ సేవక నాయకత్వం అన్న మాటని వ్యాపార లోకంలకి తెచ్చింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీల దశాబ్దాలు పనిచేసి రిటైరైనంక 1970ల దీని మీద వ్యాసం రాసిండు, ఆయన క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు. ఆయన పెట్టిన పరీక్ష ఒక్కటే నాకు యాదుంటది. మనం సేవ చేసినమనుకునేటోళ్లు మనుషులుగా ఎదుగుతున్నరా? నువ్వు టీ పోసుడు మంచిదే అన్నా. కానీ ఆ 14 మందిల ఒక్కడన్న కట్టర్ ఆపరేటర్ అయ్యే తొవ్వ ఉన్నదా నీ దగ్గర?


రిటైర్డ్_ఫోర్‌మన్_విశాఖ
సెప్టెంబర్ 15, సాయంత్రం 5:50

బాబూ, నేను 34 ఏళ్లు షాప్ ఫ్లోర్ మీద పనిచేశాను. టీ పోయడం గురించి పై తమ్ముడు అన్నదానికి కొంచెం అడ్డొస్తాను. ఆ పిల్లాడు నీకు ఆ మాట ఎక్కడ చెప్పాడో చూడు. ఆఫీసులో కాదు, బురద తొట్టిలో. నువ్వు దిగకపోతే వాడు ఇంకో పదేళ్లు నోరెత్తడు. కాబట్టి తొట్టిలోకి దిగడం మాత్రం మానకు.

నా ప్రశ్న వేరే. అంచులు నున్న చేసేటప్పుడు హ్యాండ్ గ్రైండర్ నీళ్లతో తిప్పుతున్నారా, పొడిగానా? బ్లాక్ గ్యాలక్సీలో క్వార్ట్జ్ తక్కువే, కానీ గ్రే, రెడ్ కోస్తామన్నావు, వాటిలో బాగా ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. సిలికోసిస్ అంటారు, 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ జబ్బు పేరు రాసుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు. ఇరవై ఏళ్ల పిల్లాడికి నలభై ఏళ్లకి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, అప్పటికి వాడు ఒడిశాలో ఉంటాడు, నీకు తెలియను కూడా తెలియదు.

నీటి లైను వెయ్యి బాబూ. మంచి మాస్కులు కొను.


కాపరి_కందుకూరు
సెప్టెంబర్ 15, రాత్రి 9:30

ప్రియ సహోదరా, ప్రభువు నామమున వందనాలు. మీ నిద్ర లేని రాత్రులు ప్రభువు ఎరుగును.

మత్తయి 18 ప్రకారం ముందు మీరు ఒంటరిగా ఆయన దగ్గరికి వెళ్లండి. సంఘంలో చెప్పకండి, పనివాళ్ల ముందు నిలదీయకండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఆయన 18 ఏళ్ల నమ్మకం ఒక్క తప్పుతో కొట్టుకుపోకూడదు. కూతురి పెళ్లి ముందు తండ్రి తల వంచుకునేలా చేయకండి అని నా విన్నపం.


రెండో_షిఫ్ట్
సెప్టెంబర్ 15, రాత్రి 10:02

అయ్యగారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. తండ్రి తల వంచుకోకూడదు, నిజమే. ఆ 14 మందికీ తండ్రులున్నారు. వాళ్ల ఇళ్లలోనూ పెళ్లిళ్లున్నాయి. నెలకి 700 తగ్గి వెళ్లింది ఆ ఇళ్లకే. వాళ్ల సంగతి మీరు రాసిన దాంట్లో ఒక్క మాట కూడా లేదు.


కాపరి_కందుకూరు
సెప్టెంబర్ 16, ఉదయం 5:45

తమ్ముడూ, మీ మాట రాత్రంతా నాతో ఉంది. మీరన్నది నిజం. నేను పెద్దవాడి పరువు చూశాను, చిన్నవాళ్ల కూలి చూడలేదు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని ఉంది. ఆ మొఱ్ఱ నేను వినాల్సింది.

సహోదరా, నా సలహాకి ఒకటి కలుపుతున్నాను. ఒంటరిగానే మాట్లాడండి, కానీ జక్కయ్య సంగతి ముందు పెట్టి మాట్లాడండి. లూకా 19. ఆయన సుంకరుల పెద్ద, అంటే మనుషుల దగ్గర వసూలు చేసి తనకింత ఉంచుకునే పనిలో ఉన్నవాడు. ప్రభువు అతని ఇంట్లో బస చేశాడు, సిగ్గుపరచలేదు. కానీ ఆ ఇంట్లో ఏం జరిగింది? అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య నిలబడి చెప్పాడు. ఆ తర్వాతే ‘నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది’ అన్నాడు ప్రభువు. కూలి తిరిగి చేరకుండా మేస్త్రీ గారిని క్షమించడం ఆయనకీ మేలు కాదు.

ఇంకొకటి. యోహాను 13లో కాళ్లు కడిగాక ప్రభువు ఏమన్నాడో చూడండి. మీరు నన్ను బోధకుడని, ప్రభువని పిలుస్తున్నారు, అది న్యాయమే అన్నాడు. తువ్వాలు కట్టుకున్నాడు గాని అధికారం విడిచిపెట్టలేదు. మీరు యజమాని. ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది, అది చేయకపోతే ఆ పిల్లల తరఫున చేసేవాళ్లు ఎవరూ లేరు.


అమలాపురం_కువైట్
సెప్టెంబర్ 16, మధ్యాహ్నం 2:30

వందనాలండి అందరికీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. కువైట్‌లో లేబర్ క్యాంప్‌కి వంట చేసే కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మన తెలుగోళ్లు, బెంగాలీలు, నేపాలీలు అందరూ తింటారండి.

నేను పెద్ద పెద్ద మాటలు చెప్పలేనండి. చేరిన కొత్తలో సూపర్‌వైజర్లకి వేరే గిన్నె ఉండేది, ముందే తీసి పెట్టేవోరు. నెహెమ్యా అధిపతిగా ఉండి కూడా పన్నెండేళ్లు అధిపతికి రావాల్సిన భోజనం తీసుకోలేదని చదివాక, నేనూ లైన్లో ఆఖర్ని నిలబడటం మొదలెట్టానండి. మొదటి రోజే తెలిసింది. ఆఖరికి వచ్చేసరికి పప్పులో నీళ్లు పోస్తున్నారు, చికెన్‌లో ముక్కలుండవు, మెడ ఎముకలే. రాత్రి డ్యూటీ దిగినోళ్లు రోజూ అదే తింటున్నారండి. రెండేళ్లుగా నాకు తెలీదు, ముందు తినేసేవోణ్ణి కదా.

ఎవర్నీ తిట్టలేదండి. కొలత మార్చాం. తలకెంత బియ్యం, ఎంత చికెన్ అని తూకం వేసి రాత్రి షిఫ్టుకి వేరే గిన్నె ముందే పక్కన పెట్టించాను. మీరూ జీతం పంచే వరసలో ఆఖర్ని నిలబడి చూడండన్నా. ఆ చివర చేతికి ఎంత వస్తుందో అప్పుడు తెలుస్తుందండి.


ఒంగోలు_మాస్టారు
సెప్టెంబర్ 16, రాత్రి 8:15

నాయనా, నేను రిటైరైన చరిత్ర ఉపాధ్యాయుణ్ణి. మన ఒంగోలు వైపే ఇలాంటిదే ఒకటి దాదాపు 150 ఏళ్ల కిందట జరిగింది. మన జిల్లావాళ్లే మర్చిపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ధాత కరువు అని మా తాతలు చెప్పుకునేవారు. అప్పుడు సర్కారు వాళ్లు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నారు, జనానికి పని దొరుకుతుందని. పని ముక్కలు ముక్కలుగా కాంట్రాక్టర్లకిచ్చారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు, క్లౌ దొర అంటారు మనవాళ్లు. మిషనరీ కాకముందు తన దేశంలో సర్వే పని చేసిన మనిషి. ఆయన వెళ్లి కాలువలో మూడు మైళ్ల పైచిలుకు ముక్క తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆలోచించు, బైబిలు పట్టుకునే మనిషి కొలతల కర్ర పట్టుకుని మట్టిపని కాంట్రాక్టరయ్యాడు. తన చుట్టూ ఉన్న మాదిగ పల్లెల జనం వేరే కాంట్రాక్టర్ల కింద పడి నలిగిపోకుండా కూలి సంపాదించుకోవాలని.

ఇప్పుడు నీ మేస్త్రీ సంగతికి వద్దాం. వేలమంది తవ్వుతుంటే దొర ఒక్కడూ చూడలేడు గదా. అజమాయిషీకి ఎవర్ని పెట్టాడు? తన బోధకుల్నే పెట్టాడు. ఆ పల్లెల్లో తిరిగినవాళ్లు, ఆ జనానికి తెలిసినవాళ్లు. తట్ట దించి కూర్చున్నప్పుడు కూలీలు వాళ్లతో మాట్లాడగలిగేవారు. యజమాని ఎంత మంచివాడైనా కూలీకి కనిపించే యజమాని మేస్త్రీయే. నీ మంచితనమంతా ఆయన చేతిలోంచి జారుకుంటూ వాళ్లకి చేరాలి.

పైన ప్రార్థన గురించి అడిగిన అబ్బాయికి కూడా ఇందులో జవాబుంది. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కూలి, అన్నం తన చేతిలో ఉన్నంతకాలం ఎవరు దేనికోసం వస్తున్నారో తేల్చలేమని ఏడాదికి పైగా ఆపేశాడు. కాలువ పని అయిపోయింది, ఇక సాయం లేదు, డబ్బు లేదు అని చెప్పాక కూడా వచ్చినవాళ్లకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య అందరికీ గుర్తుంది. దానికి ముందు ఆయన ఆపిన నెలలు ఎవరికీ గుర్తు లేవు. నాకు మాత్రం ఆ ఆపడమే పెద్దగా కనిపిస్తుంది.

నీ చేతిలో వాళ్ల జీతం ఉంది. వాళ్ల ప్రార్థన కూడా నీ చేతిలోకి తీసుకోవాలా అన్నది ఆలోచించు.


లెక్కలక్క_బెజవాడ
సెప్టెంబర్ 16, రాత్రి 9:00

మాస్టారు, మా నాయనమ్మది అద్దంకి వైపు. ఆ కాలువ మట్టి మోసినవాళ్లలో ఆమె ముత్తవ్వ ఉందని ఇంట్లో చెప్పేవారు. ఇంత వివరం నాకు తెలియదు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వందనాలు.


చీమకుర్తి_రాయి
సెప్టెంబర్ 22, రాత్రి 11:40

ఆలస్యానికి క్షమించండి. మీరు రాసినవన్నీ ప్రింట్ తీసుకుని మళ్లీ మళ్లీ చదివాను. జరిగింది చెబుతాను.

అక్కా, ముందు మీకు జవాబు. రిజిస్టర్‌లో 12 పేర్లే ఉన్నాయి. మీరు ఎలా కనిపెట్టారో. నాన్న ఉన్నప్పటి నుంచి అంతే, నేనూ అలాగే సాగనిచ్చాను. జీతం కూడా పది, పన్నెండు తారీఖుల్లో. మీ మాటలు చదువుతుంటే మేస్త్రీ మీద కోపం సగం నా మీదకి మళ్లింది.

గురువారం సాయంత్రం పనివాళ్లు వెళ్లాక మేస్త్రీని ఆఫీసులో కూర్చోబెట్టాను. అన్నా అనే పిలుస్తాను ఆయన్ని, అలాగే పిలిచి అడిగాను. కాదనలేదు. "మీ నాన్న హయాంలోనూ ఇంతే గదా బాబూ" అన్నాడు. నాన్నకి తెలుసా అంటే మాట్లాడలేదు. అది తెలియకుండానే ఉండిపోతుంది నాకు.

తర్వాత ఒక మాట అన్నాడు, దానికి నా దగ్గర సమాధానం లేదు. "పిల్లల్ని బరంపురం నుంచి ఎవరు తీసుకొచ్చారు? టికెట్లు, దారిలో అన్నం, ఇక్కడ మొదటి వారం బియ్యం, తలకి 1,500 అయింది. 21,000. నువ్విచ్చావా? అడిగావా? మనుషుల్ని తే అన్నావు, తెచ్చాను." నిజం. నేను అడగలేదు. మనుషులు వచ్చారు, మిషన్ ఆగలేదు, అంతే చూశాను.

పాస్టర్ గారు చెప్పినట్టు జక్కయ్య సంగతి ఎత్తాను. ఆయన సంఘంలో అదే అధ్యాయం మీద వాక్యం చెప్పినవాడు. చాలాసేపు కిటికీలోంచి బ్లాకుల వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి "నాలుగంతలు నా వల్ల కాదు బాబూ. తీసుకున్నది ఇస్తాను" అన్నాడు. టికెట్ల డబ్బు పోను 77,000 అని తేల్చుకున్నాం. పెళ్లి డబ్బులోంచి 40,000 మర్నాడే తెచ్చాడు. మిగతాది తన జీతంలోంచి.

ఇక మీదట పిల్లల అజమాయిషీ ఆయన చూడడు. మానిపించలేదు. బ్లాకు మీద సుత్తితో కొట్టి చప్పుడు విని లోపల పగులుందో లేదో చెప్పగలడు, మా ఏరియాలో అలాంటి చెవి నాలుగైదుగురికి లేదు. క్వారీలో బ్లాకు ఎంపిక, కొనుగోలు పని ఇచ్చాను. జీతం తగ్గించలేదు. ఇది సరైందో కాదో నాకు ఇప్పటికీ సందేహమే.

ప్రార్థన షెడ్డులో ఆపేశాను. 7:40కి ఆఫీసులో నేను చేసుకుంటున్నా, తలుపు తీసి ఉంటుంది. మొదటి రోజు ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురూ ఎవరో చూసి ఆశ్చర్యపోయాను, ఒకడు ఆ ఏడు వందల పిల్లాడు.


రెండో_షిఫ్ట్
సెప్టెంబర్ 23, ఉదయం 6:30

అన్నా, నేనైతే ఆయన్ని పనిలో ఉంచేవాణ్ణి కాదు. పిల్లలు రోజూ ఆయన మొహం చూడాలి గదా. ఇది నా అభిప్రాయం, మీ చోట మీకు తెలుసు.

ఆ 40,000 ఎలా ఇచ్చారు? మళ్లీ ఎవరి చేతికైనా ఇచ్చి పంచమన్నారా?


లెక్కలక్క_బెజవాడ
సెప్టెంబర్ 23, ఉదయం 10:10

తమ్ముడూ, గట్టి అడుగు వేశావు. కానీ నీ 77,000 లెక్క తప్పు.

మేస్త్రీ తీసుకున్నది 98,000. ఆయన ఖర్చు పెట్టింది 21,000. ఆ 21,000 ఆయనకి ఎవరివ్వాలి? పిల్లలా? 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినప్పుడే రాసుంది, దారి ఖర్చు కూలీ నెత్తిన వేయకూడదని. పనికి పిలిపించుకున్నవాడు పెట్టుకోవాలి. అంటే పిల్లలకి 98,000 మొత్తం చేరాలి. 77,000 మేస్త్రీ ఇస్తాడు, 21,000 నువ్వు. తలకి 7,000 సరిగ్గా. నువ్వు తీసేసిన ఆ 1,500 నీ బాకీ.


చీమకుర్తి_రాయి
సెప్టెంబర్ 23, మధ్యాహ్నం 12:55

అక్కా, నిజమే. రాత్రి పడుకునేముందు కూడా ఆ లెక్క తట్టలేదు నాకు. నా వాటా ఈ రోజే ఇస్తున్నాను. మేస్త్రీ దగ్గర మిగిలిన 37,000 కూడా నేనే ముందు పెట్టి పిల్లలకి పూర్తిగా ఇచ్చేస్తా, ఆయన దగ్గర నేను నెల నెలా పట్టుకుంటా. వాళ్లెందుకు ఆగాలి.

తమ్ముడూ (రెండో_షిఫ్ట్), 40,000 నేనే ఒక్కొక్కరిని పిలిచి చేతికిచ్చాను. ఒడియా వచ్చిన లారీ డ్రైవర్ని పక్కన పెట్టుకుని ఇది ఏ డబ్బో చెప్పించాను. ఒకడు లెక్కపెట్టలేదు, అలాగే జేబులో పెట్టుకున్నాడు. లెక్కపెట్టుకోమన్నా. రెండుసార్లు చెప్పాక లెక్కపెట్టాడు.


నల్గొండ_టు_గచ్చిబౌలి
సెప్టెంబర్ 23, సాయంత్రం 7:20

మంచి పని చేసినవ్ అన్నా. మరి పిల్లల మీద అజమాయిషీకి ఇప్పుడెవరు? ఖాళీ పెట్టకు, ఇంకోడు వచ్చి కూసుంటడు. వాళ్లల్లనే ఒకణ్ణి తయారు చెయ్యరాదు?


చీమకుర్తి_రాయి
అక్టోబర్ 7, రాత్రి 9:25

ఇవాళ ఏడో తారీఖు.

చెన్నై పార్టీ చెక్కు ఇంకా రాలేదు. సెగ్మెంట్లు (కటింగ్ బ్లేడు పళ్లు) అమ్మే అతని దగ్గరికి వెళ్లి పది రోజులు ఆగమని అడిగాను, పనివాళ్ల జీతం కోసమని దాచకుండా చెప్పాను. ఆయన మార్వాడీ పెద్దాయన. "జీతం ముందు ఇచ్చెయ్, నాది చూసుకుందాం" అన్నాడు.

11:40కి ఒక్కడికి తప్ప అందరి ఖాతాల్లో జీతం పడింది. లైన్ పాలిషర్ చప్పుడులో ఫోన్లు మోగింది వినపడలేదు, జేబులు కదిలాయంతే. ఒకడు మిషన్ ఆపి చూశాడు. ఇంకొకడు చూశాడు. కాసేపు అందరూ ఒకళ్ల ఫోన్ ఒకళ్లకి చూపించుకున్నారు. నేను ఏమీ అనలేదు, మిషన్లు పది నిమిషాలు అలాగే ఆగాయి.

ఫోర్‌మన్ గారూ, అంచుల బెంచీ దగ్గరికి నీటి లైను వచ్చింది. చల్లగా ఉందని, జారుతోందని పిల్లలు గొణుగుతున్నారు. రబ్బరు చెప్పులు తెప్పించాను. నల్గొండ అన్నా, ఇద్దరిని కట్టర్ మీద ఆపరేటర్ పక్కన పెట్టాను. మూడు నెలల్లో ఒకడికి బ్లేడు అప్పజెప్పాలని అనుకుంటున్నా. పిల్లల్లో అందరికంటే పెద్దవాడు ఒకడున్నాడు, పనుల పంపకం ప్రస్తుతానికి అతనికిచ్చాం, డబ్బు మాత్రం అతని చేతికి వెళ్లదు.

మేస్త్రీ రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మొన్న నేనే ఇంటికి వెళ్లాను. శుభలేఖ చేతికిచ్చాడు, మాటలు తక్కువ. వాళ్లావిడ అన్నం పెట్టింది, తిని వచ్చాను.

ఒక్కటి మిగిలింది. ఒక పిల్లాడికి జీతం పడలేదు. బ్యాంకుకి వెళ్తే ఖాతా తెరవడం కుదరదన్నారు, ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరుకి ఓటీపీ వెళ్తుందట. ఆ నంబరు వాడిది కాదు, మేస్త్రీది. వచ్చిన కొత్తలో వాడికి ఫోన్ లేదని ఆయన నంబరు రాయించారట. వాడికి ఈ నెల కవర్లో పెట్టి నేనే ఇచ్చాను, సంతకం తీసుకున్నాను. గురువారం ఒంగోలు తీసుకెళ్లి ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించాలి.


లెక్కలక్క_బెజవాడ
అక్టోబర్ 7, రాత్రి 9:50

గురువారం వెళ్తున్నావుగా, మిగతా 13 మంది ఆధార్‌లో ఎవరి నంబర్లున్నాయో కూడా ముందే అడిగి రాసుకో. పేరు స్పెల్లింగు బ్యాంకులో, ఆధార్‌లో ఒకేలా ఉందో చూడు, తేడా ఉంటే పీఎఫ్ దగ్గర ఆగిపోతుంది. 15వ తారీఖు లోపు చలానా కట్టాలి, గుర్తుంచుకో. 14 మందివీ పాత నెలలు కూడా లెక్క తేల్చాలి, వడ్డీ పడుతుంది. కాగితాలు పంపు, నేను చూస్తాను.


అమలాపురం_కువైట్
అక్టోబర్ 8, ఉదయం 7:15

ఆ పిల్లాడికి కొత్త సిమ్ వాడి పేరు మీదే తీయించండన్నా. ఇక్కడ మా క్యాంప్‌లో కూడా ఇదే ఇబ్బంది, వేరేవాళ్ల సిమ్‌తో నడుపుతుంటారు. ఇంటికి ఫోన్ చేసుకునేది కూడా ఆ నంబరుతోనే కదండీ.


చీమకుర్తి_రాయి
అక్టోబర్ 8, ఉదయం 7:38

సరే అన్నా, సిమ్ కూడా రాసుకున్నాను. టైం అయింది, ఆఫీసు తలుపు తీయాలి.